నందిని రాళ్ల మీద ఎవరి పేర్లు?

మా నాన్నమ్మకు చదువు రాదు. అయినా బోర్డు కనిపిస్తే చాలు, ఆగుతుంది. "ఏటి రాసినార్రా ఇందుల?" అని అడుగుతుంది. పోయిన డిసెంబరులో ఆమెను ఆటో ఎక్కించుకుని భిలాయ్ పవర్ హౌస్ దగ్గర్నుంచి జాముల్ మీదుగా నందినికి తీసుకెళ్లాను. పడుచుతనంలో తట్టల్లో రాయి మోసిన గనిని పోయే ముందు ఒకసారి చూసుకోవాలని ఆమె కోరిక. నేను పరిశోధక విద్యార్థిని కనుక నా కోరిక వేరు. ఒక ఊరు తన చరిత్రను ఎక్కడెక్కడ రాసుకుంటుందో, ఎవరిని వదిలేసి రాసుకుంటుందో చూడాలనుకున్నాను. చేతిలో నోటుపుస్తకం పెట్టుకుని బయల్దేరాను.

దారి పొడవునా చదివి వినిపించాను. అనుమతి లేనిదే లోపలికి రాకూడదనే హెచ్చరిక. భద్రత గురించి ఒక నినాదం. ఒక కమ్యూనిటీ భవనం గోడకు శిలాఫలకం. ప్రారంభించిన వారు, అధ్యక్షత వహించిన వారు, విశిష్ట అతిథులు, ఆఖరున సర్పంచ్. రంగు వెలిసిన గౌఠాన్ బోర్డు, అంటే ఊరి పశువులను నిలిపే చోటు. అన్నీ విని నాన్నమ్మ అంది: "ఇన్ని పేర్లు సదివినావు. రాయి మోసినోల్ల పేరొక్కటీ నేదేటి?"

ఆ ప్రశ్నను ఇంగ్లీషులోకి మార్చి నా సినాప్సిస్‌లో పెట్టుకోవచ్చు. పెట్టుకున్నాను కూడా. కానీ ఆమె అడిగినంత సూటిగా అక్కడ రాలేదు.

నందిని అంటే దుర్గ్ జిల్లాలో భిలాయ్ ఉక్కు కర్మాగారానికి సున్నపురాయి ఇచ్చిన గని, దాన్ని ఆనుకుని కట్టిన టౌన్‌షిప్. పక్కన ఖుందిని. రెండూ కలిపి నందిని-ఖుందిని అంటారు. కంపెనీ విమానాల కోసం వేసిన చిన్న రన్‌వే ఒకటి ఉంది. అహివారా దగ్గరే, ఆ అసెంబ్లీ నియోజకవర్గం షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయింది. ఉక్కు గురించి మాట్లాడేవాళ్లకు దల్లీ రాజ్‌హరా ఇనుప ఖనిజం గుర్తొస్తుంది కానీ నందిని గుర్తు రాదు. సున్నపురాయి పని అలాంటిది. బ్లాస్ట్ ఫర్నేస్‌లో అది ఖనిజంలోని ఇసుకను, మట్టిని, ఇతర మలినాలను తనలోకి లాక్కుంటుంది. ఇనుము శుభ్రంగా కిందికి దిగుతుంది. మలినం మోసిన సున్నం స్లాగ్‌గా, మన పాత మాటలో చిట్టెంగా బయటపడుతుంది. ఆ చిట్టెం సిమెంటుకు పనికొస్తుంది కనుకనే 1965లో జాముల్‌లో సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది. మురికి మోసి ఇతరులను శుభ్రం చేసేవాళ్లతో ఈ రాయిని పోల్చకూడదని అనుకుంటూనే వచ్చాను. మా నాన్నమ్మ పక్కన కూర్చుని ఉంటే అది సాధ్యం కాలేదు.

భిలాయ్ అధికారిక చరిత్రకు రెండు తేదీలు చాలు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభం. ఈ తేదీల మధ్య పొలాలు పోగొట్టుకున్న ఊళ్లున్నాయి. భిలాయ్ కూడా అప్పటికి ఒక ఊరి పేరే. తర్వాత ఊళ్ల పేర్లు పోయి సెక్టార్ నంబర్లు వచ్చాయి. దేశం నలుమూలల నుంచి జనం వచ్చారు, దీన్ని 'మినీ భారత్' అన్నారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మనవాళ్లూ వచ్చారు. మా తాత అలా వచ్చినవాడే. మినీ భారత్ అన్న మాట నిజమే కానీ, అలా అన్నవాళ్లు అనుకున్న అర్థంలో కాదు. భారత్‌ను చిన్నది చేసి ఒకచోట పెడితే కులం కూడా ఆ కొలతలోనే చిన్నదై వస్తుంది, రాకుండా పోదు.

ముందు ఊరి పేరు సంగతి చూద్దాం. ఈ ఊరికి నందిని అనే పేరు ఎలా వచ్చిందన్నది నా వాదన కాదు. ఆ పేరు వినగానే చదువుకున్నవాళ్లకు ఏం గుర్తొస్తుందన్నదే నా ప్రశ్న. వశిష్ఠుడి ఆవు గుర్తొస్తుంది. దిలీపుడు సేవచేసిన ఆవు. మహాభారతం ఆదిపర్వంలో విశ్వామిత్రుడు ఆ ఆవును బలవంతంగా తోలుకుపోబోతే అది కోపంతో సైన్యాలను పుట్టిస్తుంది. ఎక్కడెక్కడి నుంచో చూడండి: తోక నుంచి పహ్లవులు, మూత్రం నుంచి యవనులు, పేడ నుంచి శబరులు. బ్రాహ్మణుడి సొత్తును కాపాడటానికి పేడలోంచి పుట్టి పోరాడటమే శబరులకు ఆ కథ ఇచ్చిన పాత్ర. మా శ్రీకాకుళం కొండల్లో ఈనాటికీ సవరలు ఉన్నారు. వాళ్ల పిల్లలు తరగతి గదిలో ఈ కథ విని ఏమనుకోవాలో ఏ వ్యాఖ్యాతా చెప్పలేదు.

ఇక ఇప్పటి ఆవు. 2004లో ఛత్తీస్‌గఢ్ వ్యవసాయ పశు సంరక్షణ చట్టం తెచ్చింది. 2017 ఆగస్టులో ఇదే దుర్గ్ జిల్లాలో, ఇదే ధమ్‌ధా వైపు, రాజ్‌పూర్ గోశాలలో ఆవులు కుప్పలుగా చచ్చిపోయాయి. సర్కారు డబ్బు అందుకున్న గోశాల అది. ఆకలితో చచ్చాయన్నదే ఆరోపణ. 2020 జూలైలో, హరేలీ పండుగనాడు, పేడను కిలో రెండు రూపాయలకు కొనే పథకం మొదలైంది. గౌఠాన్ బోర్డులు అలా వచ్చినవే. ఈ పథకం మీద నాకు కోపం లేదు. నాలుగు రూపాయలు చేతికొచ్చిన ఆడవాళ్లు ఉన్నారు. నేను అడిగేది ఒక్కటే. పేడకు ధర కట్టే లెక్క వచ్చిన రాష్ట్రానికి, తరతరాలుగా చచ్చిన పశువును ఎత్తిన వాళ్ల శ్రమకు లెక్క ఎందుకు రాలేదు? పేడకు రిజిస్టరు ఉండేది. వాళ్లకు దక్కింది అంటరానితనం. 1948లో బాబాసాహెబ్ 'ది అన్‌టచబుల్స్'లో అంటరానితనం పుట్టుకను వెతుకుతూ చచ్చిన ఆవు దగ్గరికే వెళ్లాడు. ఆయన సిద్ధాంతంతో చరిత్రకారులు వాదించుకోవచ్చు. కానీ ఆ ప్రశ్నను ఆయన ఎక్కడ మొదలుపెట్టాడో నందిని అనే పేరున్న ఊళ్లో నిలబడితే బాగా తెలుస్తుంది.

సత్నామీలు ఆ ప్రశ్నకు ఆయన కంటే నూరేళ్లకు పైగా ముందే తమ తీరులో జవాబిచ్చారు. గురు ఘాసీదాస్ 1756 డిసెంబరు 18న గిరౌద్‌పురిలో పుట్టాడని సత్నామీలు జయంతి జరుపుకుంటారు. విగ్రహం వద్దు, కులం వద్దు, సత్యమే పేరు అన్నాడు. మాంసం, మద్యం మానమన్నాడు. ఆవును నాగలికి కట్టొద్దన్నాడు, మధ్యాహ్నం దాటాక దున్నొద్దన్నాడు. ఈ చివరి రెండూ చదివి చాలామంది వీటిని వైష్ణవ ప్రభావం కింద కొట్టిపారేస్తారు. నాకు అలా అనిపించదు. పశువుకూ పాలేరుకూ ఒకే పూట సెలవు దొరికే నియమం అది. ఎండలో నాగలి పట్టేవాడు ఎవడో తెలిసినవాడు చెప్పిన మాట. సౌరభ్ దూబే 1998లో వెలువరించిన 'అన్‌టచబుల్ పాస్ట్స్' ఈ చరిత్రను వివరంగా చెబుతుంది. ఘాసీదాస్ కొడుకు బాలక్‌దాస్‌ను 1860లో చంపేశారు. గురువు కొడుకు ఏనుగు మీద, గుర్రం మీద ఊరేగటం చూడలేని కళ్లు ఎవరివో ఈ పోర్టల్ పాఠకులకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

సత్నామీల గుర్తు జైత్‌ఖామ్. తెల్లటి స్తంభం, పైన తెల్లజెండా. ఆ స్తంభం మీద ఏమీ రాసి ఉండదు, ప్రారంభించిన వాడి పేరు కూడా. ఏటా డిసెంబరు 18న పాత జెండా దించి కొత్తది ఎక్కిస్తారు. మేము వెళ్లిన రోజున అహివారా చుట్టుపక్కల జెండాలు ఇంకా కొత్తగా మెరుస్తున్నాయి. నాన్నమ్మ ఆటో ఆపించింది. "ఇందుల ఏటి రాసినారు?" "ఏమీ రాయలేదు నాన్నమ్మా." కాసేపు చూసింది. "మా రేజాల్లో సగం మంది ఈల్లేరా," అంది. రేజా అంటే ఇక్కడ రాయీ మట్టీ మోసే కూలి ఆడమనిషి. ఒక్క తట్ట దగ్గర ఇద్దరు. ఒకరు నింపితే ఒకరు మోయాలి. మధ్యాహ్నం అన్నం మాత్రం ఎవరి చెట్టు కింద వాళ్లు తినేవారట. మాల మనిషికి సత్నామీ నీళ్లు ఇచ్చేదా అని అడిగాను. "మొదట్ల ఇచ్చేది కాదు. తరవాత ఇచ్చింది," అని ఊరుకుంది. దళిత ఐక్యత గురించి నేను చదివిన వ్యాసాలన్నిటికంటే ఆ రెండు ముక్కలు నన్ను ఎక్కువ కలవరపెట్టాయి. మొదట్లో ఎందుకు ఇవ్వలేదు, తర్వాత ఎందుకు ఇచ్చింది? ఆ మధ్యలో జరిగిందే మనం రాయాల్సిన చరిత్ర. దానికి రాయీ లేదు, బోర్డూ లేదు.

గిరౌద్‌పురిలో ప్రభుత్వం 77 మీటర్ల జైత్‌ఖామ్ కట్టింది. కుతుబ్ మినార్ కంటే ఎత్తు అని గర్వంగా చెబుతారు. ఎత్తును నేను తక్కువ చేయను. హైదరాబాదులో 125 అడుగుల బాబాసాహెబ్ కింద నిలబడి తల ఎత్తి చూసినప్పుడు నా మెడ నొప్పిని కూడా ప్రేమించాను. కానీ ఎత్తు రక్షణ ఇవ్వదు. 2024 మే 15 రాత్రి, గిరౌద్‌పురికి దగ్గర్లోనే, అమర్ గుఫా వద్ద జైత్‌ఖామ్‌ను దుండగులు ధ్వంసం చేశారు. అసలు దోషులను పట్టుకోలేదని, సీబీఐ విచారణ కావాలని సత్నామీలు అడిగారు. జూన్ 10న బలౌదా బజార్‌లో వేల మంది చేరారు, కలెక్టరేట్ తగలబడింది. ఆ మర్నాటి నుంచి దేశం చూసింది కాలిన కలెక్టరేట్‌నే. వందకు పైగా అరెస్టులు జరిగాయి. ప్రభుత్వ భవనం తగలబెట్టడాన్ని నేను సమర్థించడం లేదు. కానీ రెండు నిర్మాణాలు నేలకూలిన చోట ఒక్కటే వార్త ఎందుకైంది? రాత లేని స్తంభాన్ని చరిత్రగా చదవడం మన పత్రికలకు రాదు. శిలాఫలకం ఉన్న భవనమే వాటికి చరిత్ర.

స్తంభాన్ని ఎలా చదవాలో మనకు నేర్పిన సంఘటన ఒకటుంది. భీమా కోరేగావ్ స్తంభాన్ని బ్రిటిష్ వాళ్లు తమ గెలుపు కోసం కట్టుకున్నారు. 1927 జనవరి 1న బాబాసాహెబ్ అక్కడికి వెళ్లాడు. చెక్కిన పేర్లలో 22 పేర్ల చివర 'నాక్' ఉంది, అంటే వాళ్లు మహార్లు. కంపెనీ స్తంభం అప్పటి నుంచి మహార్ల స్తంభమైంది. అక్కడ కనీసం పేర్లు చెక్కారు కనుక ఆ పని సాధ్యమైంది. నందినిలో చదవడానికి పేర్లే లేకపోతే ఎక్కడ మొదలుపెట్టాలి?

రిజిస్టర్లలో మొదలుపెట్టాలనుకున్నాను. 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం కింద 1971లో వచ్చిన కేంద్ర నియమాల ప్రకారం ప్రతి కాంట్రాక్టరూ ఫారం 13లో పనివాళ్ల రిజిస్టరు, ఫారం 16లో మస్టర్ రోల్, ఫారం 17లో జీతాల రిజిస్టరు ఉంచాల్సి ఉండేది. పేరు, తండ్రి లేదా భర్త పేరు, సొంతూరు, చేసిన పని, సంతకం లేదా వేలిముద్ర. ఇంతకంటే మంచి శిలాశాసనం ఏముంటుంది? అయితే ఆ నియమాల్లోనే ఇంకో ముక్క ఉండేది: చివరి నమోదు తేదీ నుంచి మూడేళ్ల పాటు భద్రపరిస్తే చాలు. మూడేళ్లు. మా నాన్నమ్మ వేలిముద్రలకు చట్టం ఇచ్చిన ఆయుష్షు అది. ఆమె పనిచేసిన మొదటి రోజుల్లో ఆ చట్టం కూడా లేదు.

ఇక్కడ జొనాథన్ పారీ పుస్తకం గురించి చెప్పాలి. భిలాయ్ మీద దశాబ్దాల పాటు పనిచేసి 2020లో 'క్లాసెస్ ఆఫ్ లేబర్' వెలువరించాడు. భిలాయ్‌లో శ్రామికవర్గం ఒకటి కాదు, రెండు అన్నది దాని సారాంశం. 'నౌక్రీ' ఉన్నవాడు వేరు, 'కామ్' చేసేవాడు వేరు. కర్మాగారంలో పర్మనెంటు వాడికి క్వార్టరు, బడి, ఆసుపత్రి, పింఛను. అదే గేటు లోపల కాంట్రాక్టు కూలికి రోజు గడిస్తే చాలు. అంతకుముందు 1999లో సత్నామీల మీద, రిజర్వేషన్ల మీద అతను రాసిన వ్యాసం పేరు 'టూ చీర్స్ ఫర్ రిజర్వేషన్'. రిజర్వేషన్ వల్ల సత్నామీ ఇంట్లోకి నౌక్రీ వచ్చింది, దాంతో గౌరవం వచ్చింది, కానీ అది అందరికీ చేరలేదు. ఆ రెండు చీర్స్‌తో నాకు పెద్ద పేచీ లేదు. పేచీ ఒక్క చోట ఉంది. నౌక్రీకీ కామ్‌కీ మధ్య ఉన్న గీత మీద వర్గం ఎంత ఉందో కులం, ఆడతనం కూడా అంతే ఉన్నాయి. రిజర్వేషన్ నౌక్రీకే ఉంటుంది, కామ్‌కు ఉండదు. గనిలో పర్మనెంటు ఉద్యోగాల జాబితాలో నౌక్రీ దొరికిన రేజా ఎంతమంది? మా ఇంట్లో మా తాత కష్టపడి ఆఖరుకు నౌక్రీలోకి వెళ్లాడు. నాన్నమ్మ కామ్‌లోనే ముసలిదైంది. ఒకే ఇంట్లో రెండు వర్గాలు. జీతం రోజున ఎవరి మాట చెల్లేదో చెప్పనక్కర్లేదు.

కాంట్రాక్టు కూలీల వైపు నిలబడిన మనిషి శంకర్ గుహా నియోగి. 1977లో దల్లీ రాజ్‌హరా గనుల్లో కూలీల సంఘం పెట్టారు. ఆ ఏడాది జూన్ 2, 3 తేదీల్లో పోలీసు కాల్పుల్లో 11 మంది చనిపోయారు. వాళ్లలో అనసూయా బాయి అనే కార్మికురాలు ఉంది. ఆ చావులకు గుర్తుగా కార్మికులు ఏం కట్టారో చూడండి. 1983లో ఆసుపత్రి కట్టారు, షహీద్ హాస్పిటల్. సొంత చందాలతో, సొంత చెమటతో. నేను చూసిన స్మారకాలన్నిటిలో నాకు ఎక్కువ నచ్చింది అదే. అక్కడ పిల్లలు పుడుతుంటారు. 1857 డిసెంబరు 10న రాయ్‌పూర్‌లో ఉరికంబమెక్కిన సోనాఖాన్ ఆదివాసీ జమీందారు వీర నారాయణ్ సింగ్‌ను వెలికితీసి, 1979 నుంచి ఆయన పేరిట దినం జరిపింది కూడా ఈ గని కూలీలే. కరువులో వ్యాపారి గోదాములు తెరిచి ధాన్యం పంచినవాడు ఆయన. ఇప్పుడు నవా రాయ్‌పూర్‌లో అంతర్జాతీయ క్రికెట్ స్టేడియానికి ఆయన పేరు ఉంది. టికెట్ మీద పేరు చదివేవాళ్లలో ఆ పేరును ఎవరు తవ్వి తీశారో ఎందరికి తెలుసు?

నియోగి భిలాయ్ వైపు వచ్చాడు. జాముల్ సిమెంటు కాంట్రాక్టు కూలీలతో మొదలై ప్రైవేటు ఫ్యాక్టరీల దాకా ఉద్యమం పాకింది. 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున నిద్రలో ఉన్న ఆయనను కాల్చి చంపారు. 1997లో దుర్గ్ సెషన్స్ కోర్టు పారిశ్రామికవేత్తలతో సహా కొందరికి శిక్ష వేసింది. 1998లో హైకోర్టు అందరినీ వదిలేసింది. 2005లో సుప్రీంకోర్టు తుపాకీ పట్టిన ఒక్కడికి జీవిత ఖైదు ఖాయం చేసింది. మధ్యలో 1992 జూలై 1న, తీసేసిన కార్మికులను తిరిగి తీసుకోవాలంటూ పవర్ హౌస్ స్టేషన్‌లో పట్టాల మీద కూర్చున్న వాళ్లపై పోలీసులు కాల్పులు జరిపారు. 16 మంది కార్మికులు చనిపోయారు. ఏటా జూలై 1న ఎరుపు-ఆకుపచ్చ జెండాలు పట్టుకుని ఆ స్టేషన్‌కు జనం వస్తారు. నేను చిన్నప్పుడు అదే స్టేషన్‌లో సమోసా తిని రైలెక్కేవాణ్ని. మా బడిలో ఒక్క మాస్టారూ ఆ రోజు గురించి చెప్పలేదు.

ఇక్కడ నేను తెలుగు పాఠకులకు ఒక తేదీ గుర్తుచేయాలి. నియోగిని చంపడానికి ఏడు వారాల ముందు, 1991 ఆగస్టు 6న, చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. అక్కడ కూడా కథ అలాగే నడిచింది. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. కోర్టు రికార్డు ప్రకారం చుండూరులో ఎవరూ ఎవరినీ చంపలేదు. కానీ ఊరి నడుమ సమాధులు ఉన్నాయి. దాన్ని రక్తక్షేత్రం అంటారు. అక్కడే పూడ్చిపెట్టాలని పట్టుబట్టి సాధించుకున్న చోటది. తీర్పు కొట్టివేసినదాన్ని ఆ సమాధులు కొట్టివేయనివ్వవు. అందుకే స్మారకాన్ని నేను అలంకారం అనుకోను, సాక్ష్యం అనుకుంటాను.

ఈ రెండు 1991లను పక్కపక్కన పెట్టి చదివేవాళ్లు మనలో తక్కువ. వామపక్షం నియోగిని స్మరించుకునేటప్పుడు ఆయన వెనక నడిచిన సత్నామీ, గోండు, హల్బా కూలీలను 'కార్మికులు' అనే ఒక్క మాటలో కలిపేస్తుంది. మనం, అంబేడ్కరైట్లం, చుండూరును గుర్తుపెట్టుకుని పవర్ హౌస్‌ను వాళ్లకు వదిలేస్తాం. అక్కడ చనిపోయిన వాళ్లు ఎవరి పిల్లలని మనమెందుకు అడగలేదు? ఈ మాట మన మీద మనం వేసుకోవాల్సిన నింద కనుకనే ఇక్కడ రాస్తున్నాను.

నాకు సంబంధించిన ఇంకో గుర్తు గురించి చెప్పి నందినికి తిరిగి వస్తాను. అది రాయి కాదు, కాగితం. కులధ్రువీకరణ పత్రం. ఇంటర్ తర్వాత ఒక దఫ్తరు కిటికీ ముందు మూడు నెలలు తిరిగాను. మీ కులం ఈ రాష్ట్రం జాబితాలో లేదు అన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. షెడ్యూలు రాష్ట్రానికో తీరుగా ఉంటుంది. తెనాలిలో పుట్టి, తండ్రి ప్రభుత్వరంగ సంస్థ ఉద్యోగం వల్ల బొంబాయికి వెళ్లి, అక్కడ మెడికల్ సీటు కోసం సుప్రీంకోర్టుకెక్కిన మర్రి చంద్రశేఖరరావు కేసులో 1990లోనే తేల్చేశారు: ఒక రాష్ట్రంలో షెడ్యూల్డు తెగ అయినవాడు ఇంకో రాష్ట్రానికి వలస వెళ్తే అక్కడ ఆ హోదా వెంట రాదు. షెడ్యూల్డు కులాలకూ అంతే. 2018లో రాజ్యాంగ ధర్మాసనం దాన్నే ఖాయం చేసింది. సరే, ఆంధ్రాకు వెళ్తే? అక్కడ కులం ఉంది, స్థానికత లేదు. 371-డి కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం స్థానికత చదివిన చోటును బట్టి వస్తుంది. 85 శాతం సీట్లు స్థానికులవి. నా చదువంతా భిలాయ్‌లో. ఇక్కడ ఎస్సీని కాను, అక్కడ లోకల్‌ను కాను. ఆ తీర్పు వెనక ఉన్న తర్కం నాకు అర్థమవుతుంది. స్థానిక దళితుల సీటును వలస వచ్చినవాడు తన్నుకుపోకూడదు, సత్నామీ పిల్లవాడి సీటు నాకు వద్దు. కానీ కులం మాత్రం రైలెక్కి వెంటే వస్తుంది కదా. శ్రీకాకుళం నుంచి వచ్చిన అగ్రకులం వాడు భిలాయ్ తెలుగు సంఘంలో మా తాతను ఏ వరసలో కూర్చోబెట్టాలో షెడ్యూలు చూసి తెలుసుకోలేదు.

గనికి చేరుకున్నాం. నాన్నమ్మ చెప్పిన గుంత ఇప్పుడు గుంతలా లేదు. తవ్వి వదిలేసిన చోట్ల నీళ్లు నిలిచాయి, పక్షులు దిగుతున్నాయి. కొన్నేళ్ల కిందట రాష్ట్ర ప్రభుత్వం ఇక్కడ 885 హెక్టార్లలో మొక్కలు నాటించి, దేశంలోనే అతిపెద్ద మానవ నిర్మిత అడవి అని ప్రకటించింది. అడవిని కాదనే వాడెవడు? వేసవిలో దుర్గ్ జిల్లా ఎండ తిన్నవాడు అసలే కాదనడు. 'మానవ నిర్మిత' అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. అడవి మానవ నిర్మితమైతే గుంత ఎవరి నిర్మితం? గుంతకు ముందు పొలం ఎవరిది? మొక్క నాటిన మంత్రికి ఫొటో ఉంటుంది, రాయి తీసిన రేజాకు ఉండదు. ఇంకో పదేళ్లకు చెట్లు ఎదిగి గుంత అంచులు కనపడవు. అప్పుడు ఇక్కడికి వచ్చే పిక్నిక్ పిల్లలకు ఇది మొదట్నుంచీ అడవే. నాకున్న తొందర ఇందుకే.

ఉక్కు సంస్థనూ రాష్ట్రాన్నీ అడగాల్సినవి పెద్దవేం కావు. గనికి భూమి ఇచ్చిన ఊళ్ల పేర్లు, అక్కడ చనిపోయిన పర్మనెంటు, కాంట్రాక్టు కార్మికుల పేర్లు ఆ అడవి గేటు దగ్గర హిందీలో, ఛత్తీస్‌గఢీలో, తెలుగులో, ఒడియాలో రాయాలి. కాంట్రాక్టర్ల దగ్గర, కార్మిక శాఖ గదుల్లో, భవిష్యనిధి ఖాతాల్లో మిగిలిన రిజిస్టర్లను చించేయకుండా ఒక విశ్వవిద్యాలయానికి అప్పగించాలి. 2011 లెక్కల ప్రకారం 12.8 శాతం షెడ్యూల్డు కులాలు ఉన్న రాష్ట్రం ఇది. వాళ్ల శ్రమ చరిత్రకు ఒక గది కేటాయించడం భారం కాదు. పరిశోధకులను అడగాల్సింది ఇంకా చిన్నది: సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ముసలివాళ్ల దగ్గర ఒక పూట కూర్చోండి. పెద్ద థియరీ తర్వాత చూసుకోవచ్చు. నా గైడు ఇది చదివితే నవ్వుతారు, పర్వాలేదు.

గుంత అంచున ఒక బండ మీద నాన్నమ్మ కూర్చుంది. నీళ్లు తాగింది. తనతో తట్ట మోసిన ఆడవాళ్ల పేర్లు చెప్పమన్నాను. వేళ్లు మడుస్తూ చెప్పింది. ఐదుగురు సత్నామీలు, ముగ్గురు మనవాళ్లు, ఒకరు ఒడియా మనిషి. తొమ్మిది పేర్లు రాసుకున్నాను. ఇద్దరి ఇంటిపేర్లు గుర్తు రాలేదు. మొదట్లో నీళ్లు ఇవ్వని మనిషి పేరు ఆ తొమ్మిదిలో ఏదని అడిగితే చెప్పలేదు. "అన్నీ రాయకు," అంది. తర్వాత, ఆటో ఎక్కుతుంటే, పదో పేరు గుర్తొచ్చింది.